డబ్బా మీది పేరు, డబ్బాలోని సరుకు

గత వర్షాకాల సమావేశాల రోజులలో ఒక సాయంత్రం పార్లమెంటు భవనం నుంచి ఇంటికి తిరిగి వెళుతుండగా, వికాస్ మార్గ్ మీద లక్ష్మీనగర్ చేరువలో నా కారు ఒక సైకిల్ రిక్షాను వెనుక నుంచి ఢీకొన్నది. వేగం ఎక్కువేమీ లేదు. వాన అప్పుడే వెలిసి రోడ్డు తడిగా ఉన్నది. నేను బ్రేకు సకాలంలోనే తొక్కాను. కాలి కింద పెడలు రాయిలా గట్టిగా నిలిచింది గాని బండి నిలవలేదు. అదృష్టవశాత్తూ రిక్షాలో ప్రయాణికులెవరూ లేరు. తొక్కుతున్న బీహారీ మనిషి పక్కకు దూకి నిలదొక్కుకున్నాడు. అతని వెనుక చక్రం మాత్రం వంకర తిరిగింది.

ఆ బ్రేకు ప్యాడ్లు మార్పించి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. మర్నాడు మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. రాపిడి పొర అద్దంలా నునుపెక్కి, ఒక మూల ఇనుప పలక నుంచి విడిపోయి ఉన్నది. కంపెనీవారి అధికృత వర్క్‌షాపు ముందు చక్రాల ప్యాడ్లకు 2,900 రూపాయలు అడిగితే, అదే కంపెనీ పేరు ముద్రించిన డబ్బాలో బజారున 1,100 రూపాయలకు దొరికాయి. పార్లమెంటులో బడ్జెట్ లెక్కల మీద వ్యాసాలు రాసే నేను ఈ 1,800 రూపాయల ఆదాను చూసి సంతోషించాను. అంత తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఈ వారం లేఖలో రాజకీయాలు లేవేమని పాఠకులు అడగవచ్చు. కొంచెం ఓపిక పడితే, ఈ బ్రేకు ప్యాడు నుంచి పార్లమెంటు దాకా దారి ఎంత తిన్ననిదో వారికే తెలుస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ మరుసటి శనివారం కశ్మీరీ గేటు బజారుకు వెళ్లాను. 1857 సెప్టెంబర్‌లో ఇంగ్లీషు సైన్యం బద్దలుకొట్టి నగరంలో ప్రవేశించిన ఆ కోట ద్వారం పక్కనే నేడు మోటారు విడిభాగాల దుకాణాలు వందలకొద్దీ ఉన్నాయి. మన విజయవాడ ఆటోనగర్‌ను ఎరిగినవారికి ఆ గ్రీజు వాసన, ఆ బేరసారాలు కొత్త కావు. ఢాకాలో ధోలాయ్‌ఖాల్, లాహోర్‌లో బిలాల్ గంజ్, కొలంబోలో పంచికావత్త ఇటువంటి బజార్లే. సరిహద్దులు ఎన్ని గీసుకున్నా, చెడిపోయిన బండిని తక్కువ ఖర్చులో నడిపించుకోవాలన్న అవసరం దక్షిణాసియా అంతటా ఒక్కటే.

అక్కడ ఏ వస్తువు అడిగినా దుకాణదారు వేసే మొదటి ప్రశ్న ఒకటే: “కౌన్‌సా చాహియే, బాబూజీ?” ఏ రకం కావాలి అని. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న నాకు ‘జెన్యూయిన్’ అన్న మాటకు ఒకే అర్థం తెలుసు. కశ్మీరీ గేటులో దానికి మెట్లున్నాయి. ఆ మెట్ల వివరం నాకు బోధపడినంత మేరకు పాఠకులకు విన్నవిస్తాను.

మొదటిది, కారు కంపెనీ తన పేరుతో, తన డబ్బాలో అమ్మే భాగం. రెండవది, ఆ భాగాన్ని నిజంగా తయారుచేసిన సంస్థ తన సొంత పేరుతో అమ్మేది. కారు కంపెనీ ప్రతి మరనూ తానే చేయదు. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ పలకలు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, దీపాలు, బేరింగులు చాలావరకు బయటి సంస్థల నుంచి వస్తాయి. ఆ తయారీదారు కర్మాగారం నుంచే కొంత సరుకు కారు కంపెనీ డబ్బాలోకి, కొంత తన సొంత డబ్బాలోకి పోతుంది. ఈ రెండవ డబ్బా ధర సాధారణంగా తక్కువ. మూడవది, కారు కంపెనీతో సంబంధం లేకుండా అదే కొలతలకు సరిపోయేటట్లు స్వతంత్రంగా తయారుచేసి, తన పేరే పెట్టుకుని అమ్మేది. ఇందులో మేలైనవీ ఉన్నాయి, నాసిరకానివీ ఉన్నాయి. నాలుగవది, ఎవరో చేసి మరెవరి పేరో ముద్రించేది. నేను కొన్నది ఇదే. ఐదవది, మాయాపురి వంటి పాత ఇనుము బజారులో విప్పిన బండ్ల నుంచి వచ్చేది.

మన సంభాషణలలో మూడవదానిని, నాలుగవదానిని కలిపి ‘డూప్లికేట్’ అంటాము. పొరపాటు అక్కడే మొదలవుతున్నది. ఒక సంస్థ తన పేరుతో మరో కారుకు సరిపోయే ఫిల్టరు తయారుచేసి అమ్మడం నేరం కాదు, సక్రమమైన వ్యాపారం. పరుల పేరు దొంగిలించడం నేరం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు కారాగార శిక్షను, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను విధిస్తున్నది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల లాభపడేవారు ఇద్దరు: నకిలీ వ్యాపారి ఒకడు, “మా డబ్బా తప్ప మిగిలినదంతా నకిలీయే” అని బెదిరించే పెద్ద కంపెనీ మరొకటి.

ఈ రెండవ బెదిరింపు మీదనే 2011లో ఒక వినియోగదారుడు భారత పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. మొదట మూడు కంపెనీల మీద మొదలైన విచారణ విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, వారి సగటు టర్నోవరులో 2 శాతం చొప్పున మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తమకు భాగాలు సరఫరా చేసే సంస్థలు వాటిని బహిరంగ విపణిలో అమ్మకుండా కంపెనీలు కట్టడి చేస్తున్నాయని, స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగాలు గాని, లోపాలు కనిపెట్టే పరికరాలు గాని అందనీయడం లేదని కమిషన్ నిర్ధారించింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దన్న షరతు పెట్టరాదని ఆదేశించింది. కారు కొనేటప్పుడు మనకు పది కంపెనీల మధ్య ఎంపిక ఉంటుంది. కొన్న మరుక్షణం నుంచి దాని విడిభాగాల విషయంలో మనం ఒకే కంపెనీకి కట్టుబడిన ప్రజలమవుతాము. కమిషన్ తీర్పు సారాంశం ఇదే.

తీర్పు వచ్చింది గనుక కథ సుఖాంతమని అనుకోవడానికి వీలులేదు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబర్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ తన ముందుకు వచ్చిన అప్పీళ్లలో తప్పు జరిగిందన్న నిర్ధారణను సమర్థించింది గాని, జరిమానాను కంపెనీ మొత్తం టర్నోవరు మీద కాక విడిభాగాల వ్యాపారం మీదనే లెక్కించాలన్నది. 2017లో మరొక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు సైతం సంబంధిత వ్యాపారపు టర్నోవరునే ప్రాతిపదికగా తీసుకోవాలని చెప్పింది. కొమ్మ నరికితే చాలునా, మొదలు నరకాలా అన్న వివాదం ఇది. చివరికి దానిని తేల్చవలసిన బాధ్యత పార్లమెంటు మీద పడింది.

పార్లమెంటు ఎట్లా తేల్చిందో చూడండి. పోటీ చట్ట సవరణ బిల్లును 2022 ఆగస్టులో ప్రవేశపెట్టారు. స్థాయీ సంఘం పరిశీలించిన మాట నిజమే. కాని జరిమానాకు ప్రపంచవ్యాప్త టర్నోవరును ప్రాతిపదికగా చేసే కీలకమైన నిబంధన ఉన్న ఆ బిల్లును 2023 మార్చి 29న లోక్‌సభ ఎటువంటి చర్చ లేకుండా మూజువాణి ఓటుతో ఆమోదించింది. అదానీ వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయాలంటూ ప్రతిపక్షాలు నినాదాలు చేస్తున్న రోజులవి. ప్రతిపక్షానికి తన డిమాండు ముఖ్యం, ప్రభుత్వానికి తన బిల్లు ముఖ్యం. ఏప్రిల్ 3న రాజ్యసభ ఆమోదంతో తంతు ముగిసింది. ప్రపంచ టర్నోవరు నిబంధన 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. ఆ నిబంధన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ చర్చ జరగవలసిన చోట జరగలేదన్నదే నా ఫిర్యాదు. నేనైనా ఆనాడు నినాదాల గురించి రాశాను గాని, ఆ నిబంధన గురించి ఒక్క వాక్యమూ రాయలేదు.

ఇక రెండవ శత్రువైన నకిలీ సరుకు సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, భద్రతకు అత్యవసరమని ప్రభుత్వం నోటిఫై చేసిన భాగాలను ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మితే ఏడాది వరకు జైలు, ఒక్కొక్క భాగానికి లక్ష రూపాయల జరిమానా అన్న సెక్షన్ చేర్చారు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘మరమ్మతు హక్కు’ మీద ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరం డిసెంబర్ 24న ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. సంతోషమే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కారు మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు ఇవ్వాలని చట్టం చేసుకున్నది. మనకు పోర్టల్ వచ్చింది గాని అటువంటి ప్రత్యేక శాసనం రాలేదు.

శాసనం వచ్చే లోపల సామాన్యుడు ఏమి చేయాలి? నాలుగు మాటలు చెప్పగలను. గాలి ఫిల్టరు, వైపరు, బల్బు, బ్యాటరీ వంటివాటికి పేరున్న తయారీదారు సొంత డబ్బాను నిస్సంకోచంగా కొనవచ్చు. బ్రేకులకు, స్టీరింగుకు, టైమింగు బెల్టుకు కంపెనీ భాగమో, లేదా దానిని కంపెనీకి సరఫరా చేసే తయారీదారు భాగమో తప్ప మరొకటి వాడరాదు. ఎయిర్ బ్యాగును పాత ఇనుము బజారులో ఎన్నడూ కొనరాదు. అది మందుగుండుతో పేలే పరికరం, ఒక్కసారికే పనికివస్తుంది, బాగున్నదో లేదో పరీక్షించి చూసే వీలు మనకు లేదు. పాత భాగం, కొత్తదాని ఖాళీ డబ్బా రెండూ మెకానిక్ నుంచి అడిగి తీసుకుని, డబ్బాను చింపి మరీ పారవేయాలి. చిత్తు కాగితాలవాడికి చేరిన మంచి డబ్బాలోకి రేపు చెడ్డ సరుకు చేరుతుంది.

అన్నిటికంటే ముఖ్యం బిల్లు. ఢిల్లీ బజారులో “కచ్చా బిల్లా, పక్కా బిల్లా” అని అడుగుతారు. కచ్చా అంటే చీటీ ముక్క. పన్ను ఉండదు, దుకాణం పేరూ ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలన్నింటిపై జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు అనేక భాగాలపై 28 శాతం ఉండేది. కనుక పన్ను భారమన్న సాకు ఇప్పుడు కొంత పలచబడింది. వినియోగదారుల జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు సరుకు వివాదానికి రుసుము కూడా లేదు. కాని తలుపు తట్టడానికి చేతిలో బిల్లు ఉండాలి. నా చేతిలో చీటీ ముక్క ఉన్నది. మళ్లీ వెళ్లి అడిగితే ఆ దుకాణదారు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మాది కాదు, బాబూజీ” అన్నాడు. అతనిని తప్పుపట్టే ఆధారాన్ని 18 శాతం ఆదా కోసం నేనే వదులుకున్నాను.

ఆనాటి రిక్షావాని సంగతి చెప్పి ముగిస్తాను. చక్రం ఖర్చు ఇస్తానని చెప్పి, రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే అతని దగ్గరికి ఇద్దరమూ నడిచి వెళ్లాము. అతను రెండు రిమ్ములు చూపించాడు. వాటి ధరలో నూరు రూపాయల తేడా. రిక్షావాడు రెంటినీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, అతుకు మీద బొటనవేలు పెట్టి రాశాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఖరీదైనదే ఎంచుకున్నాడు. నా డబ్బే గదా అని ఎంచుకున్నాడేమోనని మనసులో అనుకున్నాను. అతను గ్రహించినట్లున్నాడు. “దీని మీద మనుషులు కూర్చుంటారు, సాబ్” అన్నాడు.

అతను సరుకును పరీక్షించాడు, నేను డబ్బాను చదివాను. అయితే తేడా అంతా మా ఇద్దరి తెలివిలోనే ఉన్నదని చెప్పి తప్పించుకోవడానికి లేదు. రిమ్ము అతని వేలికి అందుతుంది. బ్రేకు ప్యాడు లోపలి మిశ్రమం ఏ కారు యజమాని వేలికీ అందదు. అందని చోట మన తరఫున చూడవలసినవారిని మనమే ఎన్నుకుని ఇక్కడికి పంపుతున్నాము.