సముద్రపు పోటును మన బీడుభూములును



లేపాక్షి బసవన్న యెదుట నిలిచి సముద్రమును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. మనకు సముద్రము దూరము. చెరువు నిండుటయే మనకు పండుగ. అనంతపురపు మెట్టలో ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు వేళకు కురియదు. అయినను, సముద్రపు ఆటుపోటుల నుండి విద్యుచ్ఛక్తిని తీయబూనిన దేశములలో తీరవాసుల కేమి సంభవించినదో మనము తెలిసికొనవలసిన కారణ మొకటి గలదు. ఏండ్ల తరబడి మన పైరులను మాడ్చిన యెండకును, మన గుట్టలమీద ఈలవేయు ఆషాఢపు గాలికిని నేడు వెల వచ్చినది. సముద్రతీరమున వారి కెదురైన ప్రశ్నయే ఇప్పుడు మన కెదురగుచున్నది. శక్తి దేవుడిచ్చినది, దానిని పట్టుటకు వలయు చోటు మాత్రము ఒక ఊరివారిది. ఆ చోటిచ్చినవారికి ఏమి దక్కవలెను?

ముందుగా పోటు అనగానేమో చూతము. చంద్రుడు తన ఆకర్షణచే సముద్రజలమును తనవైపునకు లాగును. సూర్యుడును లాగును గాని, దూరమగుటచే పోటుపై దాని ప్రభావము చిన్నది. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే ఈ ఉబుకు తీరమునకు దినమునకు సుమారు రెండు మారులు వచ్చిపోవును. ఒక పోటునకును మరుసటి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అమావాస్యకును పూర్ణిమకును సూర్యచంద్రుల లాగుడు ఒక వరుసలో కలియును గావున పోటు పెద్దది; అష్టమి ప్రాంతమున చిన్నది. ఇది వానవలె చపలము కాదు. రేపటి పోటును, పదేండ్ల తరువాతి పోటును కూడ పంచాంగమువలె నేడే గణించి చెప్పవచ్చును. ఈ నమ్మకమే పోటుశక్తికి గల గొప్ప గుణము.

దానిని పట్టు విధము చెరువు తూము నెరిగిన మనకు సులభముగనే బోధపడును. సముద్రము లోనికి చొచ్చిన యొక పాయకు అడ్డముగా కట్ట వేయుదురు. పోటునీరు తూముల ద్వారా లోనికి వచ్చును. ఆటు వేళ బయటి నీటిమట్టము దిగిపోయి, లోపలి నీరు ఎత్తున నిలుచును. అప్పుడు తూములు తెరచినచో నీరు దుమికి చక్రములను త్రిప్పును. చక్రములు విద్యుత్తును పుట్టించును. ఐరోపాఖండపు పడమటి తీరమున పూర్వకాలముననే ఇట్లు మడుగులలో నీరు పట్టి పిండిమరలు త్రిప్పెడివారు.

అయితే నీరు దుముకుటకు ఎత్తు కావలెను. మన విశాఖపట్టణపు తీరమున పెద్ద పోటు కూడ ఒకటిన్నర మీటరు ప్రాంతమే. అందుచే తెలుగు తీరమున ఇట్టి కట్ట గిట్టుబాటు కాదు. గుజరాతులోని ఖంభాతు, కచ్చు అఖాతములలో పోటు మిక్కిలి ఎత్తు లేచును. 2011లో కచ్చు అఖాతమున 50 మెగావాట్ల కేంద్రము నెలకొల్పుదుమని ప్రకటించిరి గాని అది కట్టబడలేదు. వంగదేశపు సుందరవనములలో 3.75 మెగావాట్ల చిన్న కేంద్రమును తలపెట్టి, వ్యయము భరింపరానిదని విడిచిరి. మెగావాటన వేయి కిలోవాట్లు.

ఇక కట్టిన చోటుల సంగతి. ఫ్రాన్సు దేశమున రాన్సు నది సముద్రమున గలియు చోట 1961లో పని ఆరంభించి 1966లో ముగించిరి. అచ్చట పోటు సగటున ఎనిమిది మీటర్లు లేచును. కట్ట పొడవు 750 మీటర్లు, చక్రములు 24, శక్తి 240 మెగావాట్లు. అది నేటికిని సంవత్సరమునకు సుమారు 50 కోట్ల యూనిట్ల విద్యుత్తు నిచ్చుచున్నది. కట్టమీద బాట వేయుటచే ఇరుదరులలోని ఊళ్లవారికి చుట్టుత్రోవ తప్పినది. ఇది లాభము. కాని కట్టుచున్నప్పుడు సుమారు మూడేండ్లు నదీముఖమును సముద్రమునుండి వేరుచేసిరి. ఆ కాలమున లోపలి చేపలును, ఇతర ప్రాణులును మిక్కుటముగా నశించినవి. తరువాత ప్రాణికోటి మెల్లగా తిరిగి వచ్చినది. అయితే కొన్ని పాత జాతులకు బదులు కొత్తవి వచ్చినవి, ఒండ్రు కొత్త తావులలో పేరుకొన్నది. దేశమంతటికి వెలుగు వచ్చినది. నష్టము మాత్రము ఆ నదీముఖపు వల మీద పడినది.

దక్షిణ కొరియాలోని సిహ్వా కథ వేరు. అచ్చట 1994లో మంచినీటి చెరువు కావలెనని సముద్రమునకు అడ్డకట్ట వేసిరి. చుట్టుపట్ల కార్ఖానాల మురికి అందు చేరి నీరు కుళ్లిపోయినది. తుదకు ఆ కట్టలోనే 2011లో 254 మెగావాట్ల పోటు విద్యుత్కేంద్రము కట్టి, సముద్రజలమును లోనికి రానిచ్చుటచే నీరు చాలవరకు బాగుపడినది. అనగా ముందే చెడిన చోటును శక్తికేంద్రము మేలుపరచినది. అదే దేశమున గరోరిం అఖాతములో మరియొక కేంద్రము తలపెట్టగా ఫలితము మారినది. ఆ అఖాతపు బురదనేలలలో గుల్లలు ఏరుకొని, చేపలు పట్టుకొని బ్రదుకు కుటుంబములు అనేకము. వారిలో కొందరు వలదనిరి, కొందరు కావలెననిరి. ఊళ్లలో చీలికలు వచ్చినవి. 2014లో పర్యావరణశాఖ ఆ ప్రణాళికను త్రిప్పిపంపగా పని ఆగిపోయినది. అఖాతము మిగిలినది, కాని ఇరుగుపొరుగు నడుమ పుట్టిన పగలు ప్రణాళికతోపాటు తీరిపోవు.

ఈ కథలలో గమనింపదగిన దొకటి గలదు. సముద్రమునకు పట్టాదారు లేడు. అయినను అది ఎవరిదియు కానిది కాదు. మన పులికాటు సరస్సున బెస్తవారు ‘పాడు’ అను కట్టుబాటును బట్టి, ఎవరి వంతు వచ్చిననాడు వారు, ఎవరి తావున వారు వల వేయుదురు. తరతరములుగా నడచుచున్న ఈ హక్కు భూమి పట్టాలలో కనబడదు. కాగితమునే చూచు అధికారికి ఆ నీరు ఖాళీగా దోచును. వల వేయువానికి అది నిండియున్న గాదె.

ఇప్పుడు ఆ చూపుతోనే మన మెట్టను చూడుడు. మనకు ఉత్తరమున రామగిరి గుట్టలమీద 1990వ దశకముననే గాలిమరలు లేచినవి. వాయవ్యమున, కన్నడసీమలోనిదే యైనను తెలుగు మాటలాడువారు విస్తారముగా గల పావగడ తాలూకాలో, తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము 2019 నాటికి పూర్తియైనది. తూర్పున, కదిరికి ఆవల, నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల కేంద్రమునకు భూమి కేటాయింపబడి, 2016లో మొదటి 250 మెగావాట్లు వెలుగులోనికి వచ్చినవి. గాలిమరకు స్తంభపు మొదలును, బాటయును చాలును; నడుమ నేలలో శనక్కాయ వేయవచ్చును, మంద మేపవచ్చును. సూర్యఫలకములకు అట్లు కాదు. పావగడ లెక్కను బట్టి మెగావాటునకు ఆరెకరములకు పైగా పట్టినది. ఆ నేలయంతయు కంచెలో పడును.

ఈ రెండు కేంద్రముల మధ్య ముఖ్యమైన భేద మొకటి గలదు. నంబులపూలకుంటలో భూమి ప్రభుత్వ సంస్థ చేతికి పోయినది. పట్టా గలవారికి పరిహారము వచ్చినది. పట్టా లేకయే ఏండ్ల తరబడి బీడు గొట్టి సాగుచేసినవారు తమకు న్యాయము జరుగలేదని మొరపెట్టుకొనిరి. పావగడలో రైతు భూమిని అమ్మలేదు, గుత్తకు ఇచ్చెను. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకమారు నూటికి ఐదు చొప్పున హెచ్చింపు. గడువు 25 ఏండ్లకు మించినది. వాన కురిసినను కురియకున్నను ఐదెకరముల రైతుకు ఏటికి లక్షా ఐదువేలు చేతికందును. అప్పులలో మునిగి బెంగుళూరికి కూలికి పోయిన కుటుంబమున కిది చిన్న విషయము కాదు. భూమి పేరును మారలేదు.

అయినను లెక్క తుదివరకు వేసి చూడవలెను. రెండేండ్లకు ఐదు చొప్పున పెరిగినచో 25వ యేట ఎకరమునకు వచ్చునది సుమారు 37,700 రూపాయలు; అనగా మొదటిదానికి రెండింతలకు లోపు. ఏటికి నూటికి ఐదు చొప్పున ధరలు పెరుగుచు పోయెనేని, అప్పటికి బియ్యమును బట్టయును మూడింతలకు పైబడును. చూచుటకు పెరుగుచున్న గుత్త నిజమునకు తరుగుచుండును. సంతకము చేయునాడు ఈ లెక్క రచ్చకట్టమీద బిగ్గరగా చదువబడవలెను.

గుత్త రైతుకు వచ్చును. భూమి లేనివానికి రాదు. కలుపు తీసి, శనక్కాయ పెరికి, కాయ కోసి బ్రదికిన స్త్రీలకు ఆ పనులు పోవును. గొఱ్ఱెలు మేపువానికి బీడు పోవును. పావగడ ప్రాంతమున కంచెలు వచ్చిన తరువాత మేత కరవై మందలు అమ్ముకొన్నామని కాపరులు చెప్పిన మాటలు పత్రికలలో వచ్చినవి. కేంద్రము కట్టునాళ్లలో వందలమందికి పని దొరకును; కట్టిన పిమ్మట కావలికిని, గడ్డి కోయుటకును, ఫలకములు కడుగుటకును కొందరే చాలుదురు. ఆ కడుగు నీరు ఏ బోరునుండి వచ్చునో అదియు అడుగవలసిన ప్రశ్నయే; మన మెట్టలో దుమ్మునకు కొదువ లేదు, నీటికే కొదువ. రాన్సు తీరపు వల మీద పడిన నష్టమువంటిదే ఇచ్చట మంద మీదను, కూలి మీదను పడును.

2013 నాటి భూసేకరణ చట్టము ఈ సంగతిని కొంత గుర్తించినది. భూమి కోల్పోవువానినే గాక, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమిని నమ్ముకొని బ్రదుకు కౌలుదారును, కూలివానిని కూడ అది బాధితుల లెక్కలో చేర్చినది. కాని రైతు తనంతట తాను గుత్తకు ఇచ్చినప్పుడు అది సేకరణ కాదు. కావున ఆ రక్షణ తానుగా రాదు. చట్టము చేయని పనిని ఒడంబడికయే చేయవలెను.

కావున మన యూరికి ఎవరైన భూమి అడుగవచ్చినచో మొదట చేయవలసినది ధర బేరము కాదు. ఆ నేలను ఆశ్రయించిన వారందరి పట్టిక వ్రాయుట. పట్టాదారు, కౌలుదారు, కాపరి, కట్టెలు ఏరుకొను ముసలమ్మ, అందరును అందుండవలెను. పిమ్మట గ్రామసభలో తేల్చుకొనవలసినవి కొన్ని గలవు. మందలకు బాట విడుతురా? ఫలకముల క్రింది గడ్డి మేయుటకు గొఱ్ఱెలను రానిత్తురా? కావలి, కడుగుడు పనులు ముందు ఎవరికి? మన పిల్లలకు ఆ యంత్రముల పని నేర్పుదురా? గుత్త హెచ్చింపు ధరలతో ముడిపడునా? గడువు తీరిన తరువాత గాజుపలకలను, ఇనుపకంబములను ఎవరు పెరికి, నేలను దున్నుటకు యోగ్యముగా అప్పగింతురు? తలపెట్టిన పని ఆరంభమే కాకపోయినచో భూమి ఎన్నాళ్లకు తిరిగి వచ్చును?

ఈ కడపటి ప్రశ్న ఊహకొరకు అడిగినది కాదు. 2009 ప్రాంతమున మన లేపాక్షి పేరుతోనే యొక గొప్ప విద్యాపరిశ్రమల కేంద్రము వెలయునని చెప్పి, చిలమత్తూరు, గోరంట్ల మండలములలో ఎనిమిదివేల ఎకరములకు పైగా భూమిని తీసికొనిరి. అనుకొన్న కేంద్రము లేవలేదు. వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. నాటి రైతు పైరు పెట్టలేదు, అతని కొడుకు కొలువు చేయలేదు.

ఇంతమాత్రమున కొత్తశక్తి వలదని నా తాత్పర్యము కాదు. బొగ్గు కాల్చిన పొగ లోకమున వేడిని పెంచుచున్నది. ఆ వేడి మొట్టమొదట దెబ్బకొట్టునది మనవంటి కరవునేలనే. ఎండయే పంటగా మారినచో సంతోషింపవలసినదే. కాని పంటకు కళ్లము ఉండవలెను, కళ్లమున పంపకము ఉండవలెను.

మన గుడిగోడమీది ఎఱ్ఱని మచ్చలను బిడ్డలకు చూపి మనము చెప్పు కథ మీరెరుగుదురు. రాయల కోశాధికారి విరూపణ్ణ అనుమతి లేక కోశధనమును ఆలయమునకు వెచ్చించినాడన్న నింద పడి, తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని జనశ్రుతి. వీరభద్రుని గుడికైనను లెక్క అడుగువారుండిరన్న మాట. మన బీడుమీద వెలయు కట్టడములకును లెక్క అడుగువారు ఊరిలో ఉండవలెను. ఆ భారము పెద్దలదే. కన్నులు పోయిన తరువాత గాక, ఉన్నప్పుడే కాగితము చదువుడు.