పెంపుడు జంతువునకు చెరగని గుర్తు

దీపావళి రాత్రి టపాకాయల మ్రోతకు బెదరి, గొలుసు తెంచుకొని పారిపోయిన కుక్క తెల్లవారునప్పటికి ఎంత దూరము పోవునో చెప్పజాలము. సంగారెడ్డి జిల్లాలోని బీరంగూడ వంటి చోట ఈ చిక్కు మరింత ఎక్కువ. ఒక ప్రక్క హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు జాతీయ రహదారి, దానిపై పటాన్‌చెరు కర్మాగారములకు పోవు లారీలు. మరొక ప్రక్క అమీన్‌పూర్ వైపు పెరిగిన క్రొత్త కాలనీలు. ఆ కుక్క ఎవరిదో రెండు వీధుల అవతలివారికి తెలియదు. దయతలచి ఎవరైన చేరదీసినను యజమానిని కనుగొనుట యెట్లు? కుక్క తన చిరునామా చెప్పలేదు గదా!

ఈ చిక్కు క్రొత్తది కాదు. మన పల్లెలలో పశువు మెడకు గంట కట్టెడివారు; గొఱ్ఱెలకు రంగు పూసెడివారు; ఎద్దులకు వాతలు వేసెడివారు. గంట పశువు ఎక్కడ నున్నదో తెలుపును. వాత అది ఎవరిదో తెలుపును. ఈ రెండు ప్రశ్నలు వేరు వేరు. నేటి సాధనములు కూడ ఈ రెండు తెగలుగానే యున్నవి. ఈ భేదము తెలియకపోవుటవలననే చాలమంది పొరబడుచున్నారు.

‘ఎవరిది?’ అను ప్రశ్నకు సమాధానము మైక్రోచిప్. ఇది సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందము గల గాజుగొట్టము. బియ్యపుగింజకంటె కొంచెము పెద్దది. పశువైద్యుడు దీనిని లావుపాటి సూదితో కుక్క భుజముల నడుమ చర్మము క్రింద ప్రవేశపెట్టును. గొట్టములో ఒక చిన్న తీగచుట్ట, ఒక ఎలక్ట్రానిక్ ఫలకము ఉండును. బ్యాటరీ మాత్రము లేదు. మరి అది పనిచేయు టెట్లు?

1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి మూలము. రెండు తీగచుట్టలను దగ్గరగా నుంచి, ఒకదానిని మీట ద్వారా బ్యాటరీకిని, రెండవదానిని గాల్వనామీటరుకును కలుపవలెను. మీట నొక్కినప్పుడును, వదలినప్పుడును రెండవ చుట్టకు కలిపిన ముల్లు కదలును. ఈ ప్రయోగమును ఏ ఉన్నత పాఠశాలలోనైన చేసి చూపవచ్చును. వైద్యుని చేతిలోని పఠనయంత్రము మొదటి చుట్ట వంటిది. కుక్క చర్మము క్రిందనున్న చుట్ట రెండవది. యంత్రము సెకనునకు 1,34,200 సార్లు మారు అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రమువలన చిప్‌లో స్వల్ప విద్యుత్తు పుట్టి, ఫలకము మేల్కొని తన సంఖ్యను తెలుపును.

అయితే చుట్టనుండి దూరము పెరిగిన కొలది అయస్కాంత క్షేత్రము మిక్కిలి వేగముగా క్షీణించును. చుట్ట పరిమాణముకంటె చాల దూరమున, దూరము రెట్టింపైనచో క్షేత్రము ఎనిమిదవ వంతగును. కావున సాధారణ చేతియంత్రము కొన్ని సెంటీమీటర్ల దూరమునుండియే చిప్‌ను చదువగలదు. చిప్ పెట్టిన కుక్కను ఇంట కూర్చుండి వెదకవచ్చునను మాట ఒట్టి భ్రమ.

1996 నాటి అంతర్జాతీయ ప్రమాణముల ననుసరించి చిప్ తెలుపు సంఖ్యకు 15 అంకెలుండును. మొదటి మూడు దేశమునుగాని తయారీదారునిగాని సూచించును. భారతదేశపు సంకేతము 356. మిగిలిన భాగమునకు 38 బిట్లు కేటాయించిరి. అనగా ఒక్కొక్క సంకేతము క్రింద 27 వేల కోట్లకు పైగా వేరు వేరు సంఖ్యలు లభించును.

కాని సంఖ్య చిరునామా కాదు. ఆ సంఖ్య కెదురుగ యజమాని పేరు, ఫోను సంఖ్య ఏదో యొక పట్టికలో నమోదై యుండవలెను. ఇల్లు మారినను, ఫోను మారినను సరిదిద్దని పట్టిక, చెరిగిపోయిన వాత వంటిదే. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ నుండి కుక్కలకు చిప్‌ను నిర్బంధము చేసినప్పుడు, యజమాని వివరములను సరిగా నుంచుట కూడ అతని బాధ్యతయే యైనది. మన దేశములో పాడిపశువుల చెవులకు వేయు 12 అంకెల బిళ్ల కూడ ఇట్టి సూత్రముపైననే పనిచేయుచున్నది. ఆ సంఖ్యతోనే టీకాల వివరములు నమోదగుచున్నవి.

ఇక ‘ఎక్కడ?’ అను ప్రశ్నకు సమాధానము జీపీఎస్ పట్టీ. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో కనీసము నాలుగింటి సంకేతములు అందిన కాలమునుబట్టి పట్టీ తన స్థానమును లెక్కించుకొనును. దానిని సెల్‌ఫోను వ్యవస్థ ద్వారా యజమానికి పంపును. ఇది నేటి గంట. కాని బ్యాటరీ అయిపోయినను, పట్టీ ఊడిపోయినను గంట మూగపోవును. ఎత్తైన కట్టడముల మధ్య స్థానము కొంత తప్పుగా చూపవచ్చును.

కాబట్టి ఒకటి రెండవదానికి బదులు కాదు. పట్టీ వెదకుటకు, చిప్ నిరూపించుటకు. ఈ రెండును కొనలేనివారు మెడపట్టీకి ఫోను సంఖ్య చెక్కిన చిన్న రేకుబిళ్లనైన కట్టవచ్చును. దానిని చదువుటకు ఏ యంత్రమును అక్కరలేదు. రహదారి ప్రక్క టీ దుకాణమువాడైనను చదివి కబురు చేయగలడు.