రెడ్ బారన్: ఎర్ర విమానం వెనక అసలు మనిషి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి అతని పేరు సూపర్ మార్కెట్లో పిజ్జా పెట్టె మీద కనిపిస్తుంది. కార్టూన్లు చదివేవాళ్లకి స్నూపీ అనే కుక్క ఊహల్లో తలపడే శత్రువు. వీడియో గేములాడే కుర్రాళ్లకి మూడు రెక్కల ఎర్ర విమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో 80 శత్రు విమానాలు కూల్చిన జర్మన్ పైలట్ మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిఖ్తోఫెన్ 25 ఏళ్లకే పోయాడు. పోయి వందేళ్లు దాటినా కథలు పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో సగానికి అసలు మనిషితో పొత్తు కుదరదు.

అపోహ: పుట్టుకతోనే పైలట్.

అతను పుట్టింది 1892 మే 2న, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్ దగ్గర. సైన్యంలో చేరింది గుర్రపు దళంలో. కందకాలు, ముళ్లకంచెలు, మెషిన్‌గన్‌లతో సాగే యుద్ధంలో గుర్రానికి పని లేకుండా పోయింది. 1915లో విమాన దళానికి మారాడు. అదీ నడపడానికి కాదు, కింద శత్రువు ఎక్కడున్నాడో చూసి చెప్పే అబ్జర్వర్‌గా. తర్వాత పైలట్ శిక్షణకి వెళ్లి, మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు దిగడం చేతకాక విమానాన్ని పాడుచేశాడు. పరీక్ష మొదటి విడతలో తప్పాడు. చివరికి పాసయింది ఆ ఏడాది క్రిస్మస్ రోజున.

అపోహ: గాల్లో పల్టీలు కొట్టి శత్రువుని బోల్తా కొట్టించే సాహసి.

అన్నిటికన్నా ఎక్కువమంది నమ్మేదీ, అన్నిటికన్నా తప్పుడు మాటా ఇదే. తెగించి దూకే తత్వం అతని తమ్ముడు లోథార్‌ది. లోథార్ కూడా 40 విమానాలు కూల్చాడు. మాన్‌ఫ్రెడ్ పద్ధతి వేరు. 1916లో ఓస్వాల్డ్ బోల్కె అనే మేటి పైలట్ అతన్ని తన దళంలోకి తీసుకున్నాడు. బోల్కె కొత్తవాళ్లకి కొన్ని నియమాలు నూరిపోసేవాడు: సూర్యుణ్ని వెనక పెట్టుకుని పైనుంచి రావాలి, బాగా దగ్గరికి వెళ్లాకే కాల్చాలి, శత్రువు గడ్డ మీద ఉన్నప్పుడు వెనక్కి వచ్చే దారి మరిచిపోకూడదు. రిఖ్తోఫెన్ వీటిని గురుమంత్రంలా పట్టుకున్నాడు. చాలావరకు సొంత సేనల వైపే పోరాడేవాడు. అక్కడి గాలి ఎక్కువగా పడమటి నుంచి వీచేది, అంటే బ్రిటిష్ విమానాలు పోరాడుతూ పోరాడుతూ జర్మన్ల వైపే కొట్టుకొచ్చేవి.

1916 నవంబర్ 23న బ్రిటన్ అగ్రశ్రేణి పైలట్ లానో హాకర్‌ని కూల్చింది ఇలాగే. ఇద్దరూ ఒకరి తోకని ఒకరు పట్టుకోవాలని చుట్లు తిరుగుతూ కిందకి, కిందకి దిగారు. ఇంధనం తరిగిపోతున్న హాకర్ తన వైపు పారిపోక తప్పలేదు. ఆ తిన్నటి పరుగులోనే తలకి తూటా తగిలింది. రిఖ్తోఫెన్ విమానం వేగమైనది, ఓపిక అంతకన్నా ఎక్కువ.

అతను కూల్చినవాటిలో సగానికి పైగా నిదానంగా ఎగిరే రెండు సీట్ల విమానాలు. దీన్ని పట్టుకుని, చేతకానివాళ్లని వేటాడి పేరు తెచ్చుకున్నాడని ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆ మాట కూడా నిలవదు. ఆ విమానాలు కందకాల ఫొటోలు తీసేవి, ఫిరంగి గుండు ఎక్కడ పడాలో చెప్పేవి. కింద ఉన్న సిపాయి ప్రాణానికి అసలు ముప్పు వాటితోనే. యుద్ధం దృష్టితో చూస్తే అతను ఎంచుకున్న లక్ష్యం సరైనదే.

వెండి కప్పుల ముచ్చట మాత్రం నిజం. కూల్చిన ఒక్కో విమానానికీ గుర్తుగా బెర్లిన్ నగల వ్యాపారి దగ్గర ఒక చిన్న కప్పు చేయించుకునేవాడు. దాని మీద వరుస సంఖ్య, విమానం రకం, అందులో ఎంతమంది, ఏ తేదీ అన్నవి చెక్కించేవాడు. మొదటి కప్పు మీద ‘1, వికర్స్, 2, 17.9.16’ అని ఉంటుంది. నిజానికి ఆ రోజు పడింది వికర్స్ కాదు, ఎఫ్.ఈ.2బి. వెండి కరువై కప్పులు 60 దగ్గర ఆగాయి. చనిపోయిన మనుషుల లెక్కని ఇంత చక్కగా చెక్కించుకోవడం మనకి ఒళ్లు జలదరించే సంగతే.

అపోహ: 80 విమానాలూ మూడు రెక్కల ఫోకర్‌తోనే కూల్చాడు.

కేవలం 19. మొదటి 59 కూల్చేనాటికి అతను ఆ విమానంతో యుద్ధానికే వెళ్లలేదు. అసలు పేరు తెచ్చింది రెండు రెక్కల అల్బట్రాస్. 1917 ఏప్రిల్‌లో బ్రిటిష్‌వాళ్లని గడగడలాడించిందీ అదే. ఫోకర్ 1917 ఆగస్టు చివర్లో చేతికొచ్చింది. బాగా మలుపు తిరిగేది గానీ వేగం తక్కువ, పై రెక్క ఊడి కొందరు చనిపోయారు కూడా.

అపోహ: నవ్వుతూ యుద్ధం చేసిన వీరుడు.

ఈ బొమ్మ గీసింది జర్మన్ ప్రచార యంత్రాంగం. 1917లో అతని పేరున వచ్చిన ఆత్మకథకి సైన్యం పత్రికా విభాగమే మెరుగులు దిద్దింది. ఆ జులైలో తలకి తూటా గాయమైంది. మానకముందే తిరిగి ఎగిరాడు, ఆ తర్వాత తలనొప్పి, వికారం వదల్లేదు. తన పుస్తకంలోని డాంబికం తనకే నచ్చడం లేదని, ప్రతి పోరు తర్వాతా మనసు కుంగిపోతోందని తర్వాత తనే రాసుకున్నాడు. ప్రచారం చేతిలో ఉంటే పేరు ఎలా నిలుస్తుందో ఇక్కడ చూడొచ్చు. 1918 జులైలో అదే ఆకాశంలో కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ రెండు వారాల్లోపే 10 విజయాలు సాధించి 19 ఏళ్లకే నేలరాలాడు. మన పిల్లలకి రెడ్ బారన్ తెలుసు, రాయ్ తెలియడు.

అపోహ: కెనడా పైలట్ రాయ్ బ్రౌన్ అతన్ని కాల్చి చంపాడు.

1918 ఏప్రిల్ 21, ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర. రెండు పక్షాల్లోనూ ఒక్కో కొత్తవాడు ఉన్నాడు. పోరుకి దూరంగా ఉండమని ఇద్దరికీ పెద్దలు చెప్పారు. బ్రిటిష్ వైపు విల్‌ఫ్రిడ్ మే, జర్మన్ల వైపు రిఖ్తోఫెన్ బంధువు వోల్ఫ్రామ్. మే ఆగలేక పోరులోకి దిగాడు, గన్‌లు మొరాయించడంతో పారిపోయాడు. రిఖ్తోఫెన్ వెంటపడ్డాడు. బ్రౌన్ పైనుంచి దూకి కాల్చి పక్కకి తప్పుకున్నాడు. రాయల్ ఎయిర్ ఫోర్స్ ఆ విజయాన్ని బ్రౌన్ ఖాతాలో వేసింది.

కానీ గాయం వేరే కథ చెబుతుంది. తూటా ఒక్కటే. కుడి చంక దగ్గర దూరి, ఎడమ రొమ్ము దగ్గర బయటికొచ్చింది. అలాంటి దెబ్బ తిన్నవాడు అర నిమిషం మించి విమానం నడపలేడు. బ్రౌన్ కాల్చాక కూడా రిఖ్తోఫెన్ చాలాసేపు మేని తరుముతూనే ఉన్నాడు. నేల మీద ఆస్ట్రేలియా సిపాయిలు కాలుస్తున్నారు. అతను వెనక్కి మళ్లినప్పుడు కుడివైపు నుంచి మెషిన్‌గన్ పేల్చినవాడు సార్జెంట్ సెడ్రిక్ పాప్‌కిన్. ఈనాటి పరిశోధకుల్లో ఎక్కువమంది అతని వైపే మొగ్గుతారు. ఆ రోజు గాలి తూర్పు నుంచి వీచింది, రిఖ్తోఫెన్ చాలా కిందకి దిగి శత్రువు గడ్డ మీదికి వెళ్లిపోయాడు. బోల్కె చెప్పిన వెనక్కి వచ్చే దారిని మరిచిన రోజు అదే. తలగాయం అతని విచక్షణని దెబ్బతీసిందనే పరిశోధకులూ ఉన్నారు. మర్నాడు బెర్తాంగ్ల్ ఊళ్లో ఆస్ట్రేలియా సైనికులే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు.

అపోహ: అతనో నాజీ, గెర్నికా మీద బాంబులు వేయించినవాడు.

నాజీ పార్టీ పుట్టకముందే అతను చనిపోయాడు. అతని దళానికి 1918 జులైలో హెర్మన్ గోరింగ్ కమాండర్ అవడం, తర్వాత హిట్లర్ వైమానిక దళం అతని పేరు వాడుకోవడం ఈ గందరగోళానికి ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం వోల్ఫ్రామ్. ఆ రోజు బతికి బయటపడ్డ ఆ కొత్త కుర్రాడే 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా మీద జరిగిన దాడికి పథకం వేసినవాళ్లలో ముఖ్యుడు. తర్వాత హిట్లర్ అతన్ని ఫీల్డ్ మార్షల్ చేశాడు. మాన్‌ఫ్రెడ్ ఖాతాలో రాయాల్సింది 80 విమానాలు, అందులోని మనుషులు. గెర్నికా లెక్క వోల్ఫ్రామ్‌ది.