మెదడుకు మళ్ళీ నిద్ర నేర్పుదాం

పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, కొమ్ములను మార్కెట్ యార్డుకు చేర్చే రోజుల్లో ఆర్మూరు ప్రాంతంలో చాలామంది రైతులకు కంటిమీద కునుకుండదు. కళ్లంలో పంటకు కావలి, ధర ఎంత పలుకుతుందోనన్న బెంగ, అప్పుల లెక్కలు. కొన్నాళ్లు ఇలా నిద్ర చెడటం సహజమే. కాని సీజను ముగిశాక కూడా వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దీనికి మందులు లేని చికిత్స ఉంది.

మన జిల్లా చూసిన పాఠం

నిద్ర కోసం కొందరు బిళ్లలను, కొందరు కల్లును ఆశ్రయిస్తారు. కల్తీ కల్లులో కలిపేది చాలావరకు ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మత్తుమందులే. 2015 సెప్టెంబరులో కల్తీపై ప్రభుత్వం దాడులు పెంచినప్పుడు, అలవాటుపడినవారికి కల్లు ఒక్కసారిగా దొరకలేదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకు, నిద్రలేమి, పొంతన లేని మాటలు, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. మందుతో తెచ్చుకున్న నిద్రకు మెదడు బానిసవుతుందని అప్పుడు కళ్లారా చూశాం.

నిద్ర ఎందుకు పోతుంది?

నిద్ర రాకుండా గంటల తరబడి మంచంపై దొర్లితే, మంచం అంటే మేలుకొని బాధపడే చోటు అని మెదడు నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని మాన్పించవచ్చు. ఈ ఆలోచనతోనే 1972లో అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ మంచం అలవాట్లు మార్చే పద్ధతిని చెప్పారు. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం పడక సమయాన్ని తగ్గించే పద్ధతిని ప్రకటించింది. ఇవి రెండూ, ఆలోచనలను సరిదిద్దే శిక్షణా కలిసినదే నిద్రలేమికి ఇచ్చే ‘కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ’. పెద్దవారిలో దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి

1. రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి: ఎప్పుడు పడుకున్నారు, సుమారు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎప్పుడు లేచారు.

2. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవండి. పగటి కునుకు మానండి.

3. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచం ఎక్కండి. మంచంపై టీవీ, ఫోను, లెక్కలు వద్దు.

4. సుమారు ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి మరోచోట మసక వెలుతురులో కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి వెళ్లండి. గడియారం చూడకండి.

5. రేపటి చింతలను సాయంత్రమే కాగితంపై పెట్టండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ వద్దు.

పడక సమయం తగ్గించడం డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. ఎనిమిది గంటలు పడుకొని అయిదున్నర గంటలే నిద్రపోతుంటే, మొదట పడక సమయాన్ని అయిదున్నర గంటలకు కుదిస్తారు. ఆ సమయంలో 85 శాతానికి పైగా నిద్ర వస్తుంటే పావుగంట చొప్పున పెంచుతారు. అయిదు గంటలకు తక్కువ చేయరు. మొదటి ఒకటి రెండు వారాలు పగలు మత్తుగా ఉంటుంది. అప్పుడు బండి, ట్రాక్టరు నడపకండి. ఫిట్స్, బైపోలార్ జబ్బు ఉన్నవారికి ఈ పద్ధతి తగదు.

మెదడు తరంగాల యంత్రాలు

తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలను మార్చే ‘న్యూరోఫీడ్‌బ్యాక్’ గురించి కొందరు అడుగుతుంటారు. 2017లో ఆస్ట్రియా పరిశోధకులు దాన్ని ఉత్తుత్తి శిక్షణతో పోల్చిచూస్తే అదనపు మేలు కనబడలేదు. దానికి డబ్బు ఖర్చు చేసేముందు పై పద్ధతులు పాటించండి.

జాగ్రత్త

ఇప్పటికే నిద్ర బిళ్లలు, కల్లు అలవాటున్నవారు ఒక్కసారిగా మానకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఎంత వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెబితే మెల్లమెల్లగా తగ్గిస్తారు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నవారు, దిగులు ఎక్కువైనవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకండి: టెలి మానస్ 14416కు ఉచితంగా ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ శిక్షణ ఫలితం కనబడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు మీ నిద్ర నోటుబుక్కు, వాడుతున్న బిళ్లల అట్టలు వెంట తెచ్చుకోండి.