హైడ్రోజన్‌కు సున్నా, మీథేన్‌కు వంద

మే నెల ఎండలో అలిపిరి దాటి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే సీఎన్‌జీ కారుకు అదో పరీక్ష. పీల్చే గాలి వేడి, మోసే బరువు ఎక్కువ. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్ చివరిదాకా పాకేలోపే మూలన మిగిలిన గ్యాసు ఒత్తిడికి, వేడికి దానంతటదే భగ్గుమంటే టకటకమని చప్పుడు వస్తుంది. అదే నాకింగ్. పట్టించుకోకపోతే పిస్టన్ దెబ్బతింటుంది.

1876లో నికొలస్ ఒట్టో నడిపిన నాలుగు స్ట్రోకుల ఇంజిన్ తాగింది గ్యాసే. కానీ నాకింగ్‌కు కొలత ముందు దొరికింది పెట్రోలుకు. 1919లో ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో, నడుస్తుండగానే కంప్రెషన్ మార్చుకోగల ఇంజిన్ తయారుచేశారు. 1926లో అమెరికాలో గ్రాహం ఎడ్గార్ ఆక్టేన్ స్కేలు ప్రతిపాదించారు. మీథేన్ దగ్గరికి వచ్చేసరికి ఆ స్కేలు చాలలేదు. అది వందను సులువుగా దాటేసింది.

1970ల మొదట్లో ఆస్ట్రియాలోని ఏవీఎల్ సంస్థ ఇంజినీర్లు గ్యాసులకు వేరే స్కేలు కట్టారు. నాకింగ్‌ను బాగా తట్టుకునే మీథేన్‌కు 100, తట్టుకోలేని హైడ్రోజన్‌కు 0. పరీక్షించే గ్యాసు ఎంత నాక్ చేస్తుందో, అదే ఇంజిన్‌లో అంతే నాక్ చేసే మీథేన్, హైడ్రోజన్ మిశ్రమాన్ని వెతుకుతారు. అందులో మీథేన్ శాతమే ఆ గ్యాసు మీథేన్ నంబరు. ఈథేన్‌కు సుమారు 44, ప్రొపేన్‌కు 34, బ్యూటేన్‌కు 10 వచ్చాయి.

ప్రతి గ్యాసునూ ఇంజిన్‌లో పెట్టి చూడటం ఖర్చుతో కూడిన పని. అందుకే కూర్పు తెలిస్తే నంబరు లెక్కగట్టే పద్ధతులు పుట్టాయి. మార్కుల సగటు తీసినట్టు తీస్తే కుదరదు, కొద్దిపాటి బ్యూటేన్ కూడా నంబరును బాగా కిందికి లాగేస్తుంది. ఏవీఎల్ వాళ్లు మూడేసి గ్యాసుల మిశ్రమాలను కొలిచి పటాలు గీశారు, వాటి నుంచే లెక్క సాగుతుంది. అమెరికాలో ఇంకో సులువైన సూత్రం వచ్చింది: ఒక్కో కార్బన్‌కు ఎన్ని హైడ్రోజన్ పరమాణువులున్నాయో చూడటం. మీథేన్‌లో 4, ఈథేన్‌లో 3, ప్రొపేన్‌లో 2.67. మామూలు సహజవాయువుకు ఇది పనికొస్తుంది. హైడ్రోజన్ కలిపిన గ్యాసుకు మాత్రం తలకిందులవుతుంది. హైడ్రోజన్ పెరిగేకొద్దీ సూత్రం మంచి మార్కులు వేస్తుంది, ఇంజిన్ మాత్రం ఎక్కువగా నాక్ చేస్తుంది.

వందకు పైనున్న నంబర్ల కోసం మీథేన్‌తో హైడ్రోజన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు, కలిపిన ప్రతి శాతానికీ ఒక అంకె పెరుగుతుంది. అంటే 60 శాతం మీథేన్, 40 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గోబర్ గ్యాసు నంబరు 140! సీఎన్‌జీతో పోలిస్తే అందులో వేడి తక్కువే, నాకింగ్‌ను తట్టుకునే బలం మాత్రం ఎక్కువ. కాబట్టి ఎక్కువ కంప్రెషన్‌తో నడిపి, పోయిన సామర్థ్యంలో కొంత రాబట్టుకోవచ్చు.

తిరుపతి దగ్గర తూకివాకంలో తడి చెత్త నుంచి గ్యాసు తీస్తున్నారు. చిత్తూరు జిల్లా డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వ్యర్థాలూ దీనికి పనికొస్తాయి. అలాంటి గ్యాసుతో జనరేటర్ నడపాలనుకునేవారు వేడి ఎంతో అడిగి ఊరుకోవద్దు. ముందు గ్యాసు కూర్పు పరీక్ష చేయించి, మీథేన్ నంబరు లెక్కగట్టి, ఆ నంబరుకు తగిన ఇంజిన్‌నే కొనాలి.