దుబాయికి నాలుగు, శంషాబాద్‌కు ఐదు

జగిత్యాల నుంచి దుబాయి పోయేటోళ్లను శంషాబాద్‌ల దింపుడే నా పని. కరీంనగర్, సిద్దిపేట మీదుగ, చాయకు ఆగితే ఐదు గంటలు. విమానం మాత్రం సుమారు 2,550 కిలోమీటర్లు నాలుగు గంటల్ల కొడ్తది! ఆదిలాబాదోళ్లకైతే ఎయిర్‌పోర్టే 300 కిలోమీటర్ల పైన. బసంత్‌నగర్‌ల పాత రన్‌వే ఉన్నదిగని, ప్రయాణికుల విమానాలు లేవు.

టికెట్ చూసి కొత్తోళ్లు పరేషానైతరు. రాత్రి పదికి లేస్తే పన్నెండున్నరకు దిగుతదని ఉంటది. రెండున్నర గంటలే అనుకుంటరు. అక్కడి గడియారం మనకన్న గంటన్నర వెనుక, గంతే. తిరిగొచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తది, అందుకే అరగంట దాక తగ్గుతది. చలికాలంల ఆ గాలి ఇంకా జోరు.

అసలు లొల్లి సామాన్లది. సకినాలు, మామిడికాయ తొక్కు కుక్కి, "ఎన్ని కిలోలైందే అన్నా?" అంటరు. తూకం కాటా నా డిక్కీలనే ఉంటది.