వేడిగాలితో వేపుడు

పప్పుచారు కలిపిన అన్నమునకు ప్రక్కన కరకరలాడు దొండకాయ వేపుడు లేకున్నచో తెలుగువారికి భోజనము నిండుగా తోచదు. చారన్నమునకు బెండకాయ, ముద్దపప్పునకు కాకరకాయ చక్రములు, పెరుగన్నమునకు చల్లమిరపకాయ - ఈ జతలు మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్నవి. అయితే ఇంటిలో ఒక పెద్దవారికి గుండెజబ్బు గాని, రక్తములో కొవ్వు గాని ఉన్నదని వైద్యుడు చెప్పినంతనే విస్తరిలోనుండి మొట్టమొదట తొలగిపోవునది ఈ వేపుడే. దానికి బదులుగా వడ్డించిన ఉడుకుకూరను ఆయన నాలుగు దినములు ఓర్పుతో తినును. ఐదవ దినమున కూర మాని పచ్చడితో సరిపెట్టుకొనును. పచ్చడిలోని ఉప్పు, నూనె మాట అటుంచి, కూరగాయయే విస్తరిలోనుండి పోయినది. నూనె తగ్గింపవలెనన్న మంచి సంకల్పము ఈ విధముగా కూరగాయ తగ్గుటతో ముగియుచున్నది.

ఇది చిన్న నష్టము కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రములు, దినమునకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి 400 గ్రాముల కూరగాయలను, 27 గ్రాముల నూనె మొదలగు కొవ్వులను సూచించినవి. 27 గ్రాములనగా ఇంచుమించు రెండు పెద్ద చెంచాలు. నలుగురున్న ఇంటికి దినమంతటికిని ఎనిమిది చెంచాలు. అర్ధకిలో దొండకాయలు మూకుడులో ఎర్రగా వేపుటకు నాలుగైదు చెంచాల నూనె పోయు ఇండ్లు మనలో అనేకము. అనగా ఒక్క వేపుడే ఇంటిల్లిపాది నూనెలో సగమునకు పైగా త్రాగివేయుచున్నది. ఇక పోపులకును, దోసెలకును, తక్కిన కూరలకును మిగులునది స్వల్పము.

ఈ చిక్కు తీర్చునని చెప్పుచు మన వంటగదులలోనికి వచ్చిన పరికరము ఎయిర్ ఫ్రయర్. కొన్నవారిలో కొందరు దానిని నిత్యము వాడుచున్నారు. మరికొందరు నాలుగు వారములు వాడి, ముక్కలు తోలువలె సాగుచున్నవని విసిగి అటక మీదికి చేర్చుచున్నారు. యంత్రము ఒక్కటియే అయినను ఫలితము రెండు విధములుగా ఉండుటకు కారణమేమి? ఆ యంత్రము చేయు పని యేమో తెలిసికొన్నచో కారణము దానంతట అదే తెలియును. ఆ సంగతిని ఇచట విచారింతము.

పేరులో వేపుడున్నను, ఎయిర్ ఫ్రయర్ నిజమునకు పంకా గల చిన్న పొయ్యి. పై భాగమున విద్యుత్తుచే ఎర్రగా కాలు తీగచుట్ట యుండును. దాని మీద పంకా తిరుగుచుండును. క్రింద చిల్లుల బుట్ట యుండును. తీగచే వేడెక్కిన గాలిని పంకా బలముగా త్రోయగా, ఆ గాలి ముక్కల పైనుండియు, బుట్ట చిల్లుల గుండ క్రిందినుండియు ప్రసరించి మరల పైకి పోవును. పొయ్యికి పంకా అమర్చుట క్రొత్త యూహ కాదు. విమానములలో గడ్డకట్టిన భోజనమును త్వరగా వేడిచేయుటకై 1940 దశకమున అమెరికాలో విలియం మాక్సన్ అట్టి పొయ్యిని రూపొందించెను. ఇంటి బల్లపై ఇముడు చిన్న పెట్టెగా ఎయిర్ ఫ్రయరును ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ నగర ప్రదర్శనలో ప్రవేశపెట్టినది.

ఇక కరకర యనగా నేమి? ముక్క పైపొరలోని నీరు పోయి, ఆ పొర పెళుసుబారుటయే కరకర. బెండకాయలో నూటికి 90 పాళ్లు నీరే. పావుకిలో కాయలలో 225 గ్రాముల వరకు నీరున్నదన్నమాట. నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరియగును. ముక్క పైన తడి యున్నంతవరకు, చుట్టును 180 డిగ్రీల వేడి యున్నను, ఆ పైపొర వేడి నూరు డిగ్రీల దరిదాపులనే నిలిచి యుండును. అంతవరకు అది ఉడుకుచున్నదే గాని వేగుటలేదు. తడి ఆరిన పిమ్మటనే వేడి పైకెక్కి, 140 డిగ్రీల ప్రాంతమున ముక్కకు బంగారు వన్నెయు, వేపుడు వాసనయు వచ్చును. చక్కెరలును, మాంసకృత్తులలోని ఆమ్లములును కలిసి జరుపు ఈ రసాయనచర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించెను. ఆయన పేరిటనే అది నేటికిని పిలువబడుచున్నది.

మన పెద్దలు రసాయనశాస్త్రము చదువకయే ఈ రహస్యమును గ్రహించిరి. గోరుచిక్కుడు, కాకర, మిరప మొదలగువానిని వేసవి యెండలో ఒరుగులుగా ఎండబెట్టి, అవసరమైనపుడు నూనెలో వేసినంతనే క్షణములో కరకరలాడుచు పైకి తేలును. నీటిని ముందే ఎండ తీసికొనిపోయినది గనుక నూనెకు మిగిలిన పని కొంచెమే. అయితే ఒరుగును నూనె లేక తిన్నచో అది గట్టిగా, నారగా ఉండునే గాని కరకరలాడదు. ఎయిర్ ఫ్రయరు విషయమున జరుగు రెండు పొరపాట్లును ఈ ఉదాహరణములోనే ఉన్నవి. తడి పోనీయనివాడు ఉడుకుకూరను పొందును. నూనె బొత్తిగా మానినవాడు ఒరుగును పొందును.

కాగిన నూనె ముక్కను అన్నివైపుల అంటుకొని వేడిని త్వరగా లోనికి పంపును. అదే వేడి గల గాలి నూనెకంటె ఇంచుమించు వేయిరెట్లు తేలిక. కావున అది మోయగల వేడియు మిక్కిలి తక్కువ. పంకా వేగము ఆ లోటును కొంత తీర్చును. తక్కిన లోటును ముక్కలపై పట్టించిన పలుచని నూనెపొర తీర్చును. పావుకిలో ముక్కలకు ఒక టీచెంచా, మించినచో ఒకటిన్నర చాలును. పోయుటకంటె చేతితో ప్రతి ముక్కకు పట్టించుట ముఖ్యము. కూరగాయలలోని కెరోటిను వంటి పోషకములు శరీరమునకు పట్టుటకును ఆ కొంచెము కొవ్వు అవసరము.

బెండకాయలతో ప్రారంభింతము. కాయలను ముందు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, తరువాతనే తరుగవలెను. తరిగిన పిదప కడిగినచో జిగురు వదలి ముక్కలు ముద్దయగును. అర అంగుళపు ముక్కలకు ఒక టీచెంచా వేరుసెనగ నూనె పట్టించి, ఖాళీ యంత్రమును మూడు నిమిషములు వేడిచేసి, బుట్టలో ఒకే వరుసగా పరచి, 180 డిగ్రీల వద్ద 15 నుండి 18 నిమిషములు ఉంచవలెను. నడుమ రెండుసార్లు బుట్టను కుదుపవలెను. ఉప్పు ముందుగా చల్లరాదు. ఉప్పు కాయలోని నీటిని పైకి లాగును. కారము, వెల్లుల్లి, కొబ్బరిపొడి, పుట్నాలపొడి మొదలగునవి ఆ వేడిగాలికి మాడి చేదెక్కును గనుక చివరి నిమిషమున గాని, దింపిన తరువాత గాని కలుపవలెను. అరచెంచా నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ పోపు వేరుగా వేసి పైన కలిపినచో వేపుడునకు మన యింటి వాసన వచ్చును. కరివేపాకును పోపులోనే వేయవలెను. విడిగా బుట్టలో వేసినచో పంకాగాలికి ఎగిరి తీగచుట్టకు తగిలి మాడును. తోటకూర వంటి ఆకుకూరలు ఈ కారణము చేతనే ఇందులకు తగవు.

దొండకాయలను పలుచని చక్రములుగా తరిగినచో 20 నిమిషములు పట్టును. నిలువు చీలికలైనచో ముందు ఐదు నిమిషములు ఆవిరిపై మగ్గించి, తడి ఆర్చి, పిమ్మట బుట్టలో వేయవలెను. కాకరకాయకు మాత్రము ఉప్పు ముందే పట్టించుట మేలు. ఉప్పు, పసుపు కలిపి అరగంట ఉంచి గట్టిగా పిండినచో చేదుతోబాటు నీరును తగ్గును. చామదుంపలు ఉడికించి, తోలు తీసి, ముక్కలపై ఒక చెంచా బియ్యపుపిండి చల్లినచో పైతడిని ఆ పిండి పీల్చుకొని మంచి పెళుసునిచ్చును. కందను చింతపండు నీటిలో సగము ఉడికించి దురద పోగొట్టిన తరువాతనే వాడవలెను. అన్నిటికంటె ఎక్కువ లాభము వంకాయలో కలదు. స్పంజివలె నూనె పీల్చు ఆ కాయ, ఇచట ఒకటిన్నర చెంచాతోనే పైన వేగి లోన వెన్నవలె మగ్గును.

బుట్టను నింపుట అన్నిటికంటె పెద్ద దోషము. ముక్కపై ముక్క పడినచో నడుమ గాలి ఆడదు. ఆవిరి లోననే తిరుగుచు కూర ఉడికిపోవును. నాలుగు లీటర్ల యంత్రములో ఒక్కమారు పావుకిలోకంటె ఎక్కువ వేయకుండుట మంచిది. ఐదుగురున్న ఇంటిలో రెండు విడతలు తప్పవు. మొదటి విడతను మూతపెట్టి దాచరాదు. మూతక్రింద ఆవిరి నీరై, పదునెనిమిది నిమిషముల శ్రమ రెండు నిమిషములలో మెత్తబడును. వెడల్పైన పళ్లెములో విప్పి ఉంచి, వడ్డించుటకు ముందు రెండు నిమిషములు మరల వేడిచేసిన చాలును.

ఈ యంత్రము చేయలేని పనులును గలవు. జారుగా కలిపిన శనగపిండిలో ముంచిన మిరపకాయ బజ్జీని కాగిన నూనె తాకినంతనే గట్టిపరచును. గాలికి ఆ శక్తి లేదు. పిండి గట్టిపడులోగా చిల్లులలోనుండి జారిపోవును. అట్టి పిండివంటలకు మూకుడే శరణ్యము. పండుగకో, వానకో మూకుడు పెట్టినపుడు మిగిలిన నూనెను మరునాటికి, ఆపై నాటికి దాచు అలవాటును మాత్రము మానవలెను. మరలమరల కాచిన నూనెలో విరిగిన పదార్థములు పెరుగును. వానిలో ధ్రువ పదార్థములనబడునవి నూటికి 25 పాళ్లు మించిన నూనె వంటకు పనికిరాదన్న నియమము దేశమున 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దానిని కొలుచు పరికరము మన యిండ్లలో నుండదు గనుక జాగ్రత్తయే మార్గము.

నూనె తగ్గినంత మాత్రమున ఎంత మాడ్చినను దోషము లేదని తలచరాదు. బంగాళదుంప వంటి పిండి గల దుంపలను 120 డిగ్రీలు దాటిన వేడిలో నీరు లేక కాల్చినపుడు ఎక్రిలమైడ్ అను పదార్థము పుట్టునని స్వీడను శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించిరి. ఎక్కువ మోతాదులో అది జంతువులయందు క్యాన్సరు కలిగించినట్లు పరీక్షలలో తేలినది. రంగు ఎంత ముదిరిన అది అంత పెరుగును. కావున దుంపముక్కలను అరగంట నీటిలో నానవేసి, బాగుగా తుడిచి, బంగారు వన్నె రాగానే దింపవలెను. నల్లబడనీయరాదు. వేపుటకు ఉద్దేశించిన దుంపలను రిఫ్రిజిరేటరులో దాచరాదు. ఆ చలికి వానిలో చక్కెర పెరిగి, ఈ పదార్థము మరింత పుట్టును.

ఖర్చు మాటయు చెప్పుకొనవలెను. 1400 వాట్ల యంత్రము 20 నిమిషములు నడచిన అర యూనిటుకు లోపుగనే విద్యుత్తు పట్టును. అది ఆరు ఆంపియర్లకు మించి లాగును గనుక పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గునకే తగిలింపవలెను. వెనుక నుండి వేడిగాలి వెడలును గనుక గోడకు జానెడు దూరముగా నుంచుట క్షేమము. బుట్ట చల్లారిన తరువాత మెత్తని గుడ్డతో కడుగవలెను. ఇనుప పీచు తగిలినచో పైపూత లేచిపోవును.

ఇంతకును ఇది ప్రతి యింటను కొని తీరవలసిన వస్తువని మేము చెప్పబోము. దళసరి ఇనుప మూకుడులో తడి ఆర్చిన ముక్కలను రెండు చెంచాల నూనెతో, మూత లేక, సన్నని సెగపై ఓపికగా వేపువారికి ఇంచుమించు ఇదే ఫలితము దక్కును. ఆ ఓపికకు తీరిక లేని ఇండ్లకును, నూనె మానవలసి వచ్చిన పెద్దలున్న ఇండ్లకును, ఉడుకుకూర ముట్టని పిల్లలున్న ఇండ్లకును ఈ పెట్టె మేలు చేయగలదు. దుకాణములలో దొరకు గడ్డకట్టిన దుంపవేపుళ్లు వేడిచేయుటకే దానిని వాడినచో ఆ మేలు సున్న.

కొన్నవారికి మా సలహా యొక్కటి. పావుకిలో బెండకాయలతో మొదలుపెట్టుడు. నూనెను సీసానుండి గాక చెంచాతో కొలిచి పోయుడు. యంత్రమునకు యంత్రమునకు వేడిలో భేదముండును గనుక, మీ యింట ఏ కూరకు ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషములు సరిపోయినవో ఒక కాగితముపై వ్రాసి అల్మరా తలుపునకు అంటింపుడు. పది కూరలు ఆ కాగితము మీదికి ఎక్కుసరికి, మానివేసిన వేపుడు మరల పెద్దవారి విస్తరిలోనికి వచ్చి చేరును.